లీజర్ పీరియడు ఏమైంది?

సంపాదకుల వారికి,

నమస్కారాలు. ఉపాధ్యాయులలో పెరుగుతున్న మానసిక ఒత్తిడిని తగ్గించడానికని ఈ మధ్య ఒకచోట ఆదివారం పూట శిబిరం పెట్టారట. హాజరు తప్పనిసరి అన్నారట. వచ్చినట్టు, ధ్యానంలో కూర్చున్నట్టు, భోజనం చేసినట్టు విడివిడిగా ఫోటోలు తీసి గ్రూపులో పెట్టమన్నారట. ఒకప్పుడు నాతో కలిసి పనిచేసిన సైన్సు ఉపాధ్యాయిని ఒకరు ఫోన్ చేసి ఈ సంగతి చెబుతూ, "ధ్యానం ఫోటోలో నా కళ్లు తెరిచి ఉన్నాయని మళ్లీ తీయించారు సార్" అన్నారు. ఆవిడ నవ్వుతూనే చెప్పారు గానీ, ఆ నవ్వు విన్న తరవాత ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

నేను 1989లో సెకండరీ గ్రేడు ఉపాధ్యాయుడిగా చేరి, ఎక్కువ కాలం నెల్లూరు జిల్లా మెట్ట మండలాలలోనే, కలిగిరి, వింజమూరు, ఉదయగిరి ప్రాంతాలలో పనిచేసి, ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడిగా 2024లో పదవీ విరమణ చేసి కావలిలో ఉంటున్నాను. జీతభత్యాల గురించి, పీఆర్సీ గురించి, పెన్షన్ గురించి మాట్లాడడానికి సంఘాలు ఉన్నాయి, అవి తమ పని తాము చేస్తున్నాయి. వాటి జోలికి నేను పోవడం లేదు. ఉపాధ్యాయుల బాగోగుల గురించి ఎవరు మాట్లాడినా యోగా, ధ్యానం, ప్రేరణ ప్రసంగాలు అంటున్నారు తప్ప, బడి గోడకు అంటించి ఉన్న టైంటేబుల్ వైపు ఎవరూ చూడడం లేదన్నదే నా బాధ. అందులో లీజర్ పీరియడు అని ఒకటి ఉండేది. అది ఇప్పుడు కాగితం మీద ఉంది, బడిలో లేదు.

ఉపాధ్యాయ వృత్తితో పరిచయం లేని పాఠకులకు ఈ మాట కొంచెం విడమరచి చెప్పాలి. లీజర్ అనగానే అది కాళ్లు చాపుకుని పేపరు చదువుకునే సమయమని చాలామంది అనుకుంటారు. మా బంధువులలోనే ఒకాయన, ఎల్ఐసీలో పనిచేసినవాడు, "మీకేం బావా, రోజుకో గంట విశ్రాంతికి కూడా జీతం ఇస్తారు" అని ప్రతి పెళ్లిలోనూ ఎగతాళి చేసేవాడు. ఆ నలభై నిమిషాలలో జరిగే పని ఏమిటంటే, అరవై నోటుబుక్కులలో కనీసం ఇరవైనైనా దిద్దడం, తరవాతి తరగతిలో చెప్పబోయే పాఠం ఒకసారి తిరగేయడం, ల్యాబులో పరికరం పనిచేస్తోందో లేదో చూసుకోవడం, నాలుగు రోజులుగా బడికి రాని పిల్లవాడి తండ్రికి ఫోన్ చేయడం, ఇవన్నీ అయ్యాక మిగిలితే రెండు గుక్కల నీళ్లు తాగి, అవసరం తీర్చుకుని రావడం. వరసగా నాలుగు తరగతులు నిలబడి చెప్పిన మనిషికి అయిదో తరగతి గదిలోకి అడుగు పెట్టే ముందు కావలసిన ఊపిరి అది. వంట చేసే మనిషి మధ్యలో గరిటె దించి చెమట తుడుచుకోవడం లాంటిదే గానీ, వంట మానేయడం కాదు.

ఇది చట్టానికి తెలియని విషయం కాదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ప్రాథమిక తరగతులకు ఏడాదికి 200 పని దినాలు, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 220 పని దినాలు ఉండాలని రాసి ఉంది. ఈ సంఖ్యలు ప్రతి అధికారికీ కంఠస్థమే. వానలకు రెండు రోజులు సెలవు ఇస్తే చాలు, రెండో శనివారాలు లెక్కపెట్టి మరీ ఆ 220 పూర్తి చేయిస్తారు. అదే షెడ్యూలులో, అదే పట్టికలో, ఉపాధ్యాయుడి పని వారానికి కనీసం 45 గంటలని, అందులో పాఠం తయారీకి పట్టే సమయం కూడా కలిసే ఉందని మరో వరస ఉంది. దానిని ఎవరైనా చదివి వినిపించగా నా 35 ఏళ్ల సర్వీసులో ఒక్క సమావేశంలోనూ వినలేదు. తయారీ కూడా పనేనని చట్టం ఒప్పుకుంది. మనం మాత్రం తరగతి గదిలో లేని ప్రతి నిమిషాన్నీ ఖాళీ నిమిషంగానే లెక్క వేస్తున్నాం. ఖాళీగా ఉన్న మనిషికి పని చెప్పడం సులభం.

ఆ ఖాళీలోకి మొదట వచ్చింది రిజిస్టర్లు. తరవాత ఫోన్ వచ్చింది. ముఖం చూపించి హాజరు వేసుకునే పద్ధతి 2022లో వచ్చింది. దాని మీద జరిగిన గొడవ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. హాజరు వేయడంలో నాకు తప్పేమీ కనిపించదు, వేళకు రాని వాళ్లు మాలోనూ ఉన్నారు. చిక్కు ఎక్కడంటే ఉదయగిరి దుర్గం కింద, సీతారామపురం వైపు వెలిగొండల అంచున ఉన్న బడులలో సిగ్నల్ కోసం ఫోన్ పైకెత్తి పట్టుకుని నీళ్లట్యాంకు పక్కకు వెళ్లి నిలబడాలి, అక్కడా అందకపోతే మేడ ఎక్కాలి. వేళకు వచ్చిన మనిషి వేళ దాటాక వచ్చినట్టు నమోదవుతుందేమోనన్న దిగులుతో ఉదయం ప్రార్థన మొదలవుతుంది. ఆ తరవాత పిల్లల హాజరు, మధ్యాహ్న భోజనం చేసిన వారి సంఖ్య, గుడ్లు ఎన్ని వచ్చాయి, చిక్కీలు ఎన్ని మిగిలాయి, మరుగుదొడ్ల ఫోటోలు, బూట్ల కొలతలు, తల్లుల వేలిముద్రలు, పిల్లల ఆధార్ వివరాలలో అచ్చుతప్పులు, బడి వివరాలన్నీ కేంద్రానికి పంపే యూడైస్ పట్టికలు, పరీక్షల మార్కులు. పాత యాప్‌లన్నింటినీ కలిపి 2025లో లీప్ అనే ఒకే యాప్‌గా చేశారు. అది మంచి పని, ఒప్పుకోవాలి. అయితే అయిదు సంచులలోని బరువును ఒకే సంచిలోకి మార్చినంత మాత్రాన మోసేవాడికి బరువు తగ్గదు కదా. తలుపు ఒకటయింది, లోపల నింపవలసిన గదులు అలాగే ఉన్నాయి.

వీటన్నింటికంటే మనిషిని ఎక్కువగా కుంగదీసేది రాత్రి తొమ్మిది దాటాక వాట్సాప్ గ్రూపులో వచ్చే సందేశం. "మోస్ట్ అర్జెంట్" అని పైన ఉంటుంది. రేపు ఉదయం పదింటిలోగా ఫలానా సమాచారం నిర్ణీత నమూనాలో పంపాలని, పంపని వారి పేర్లు పై అధికారులకు నివేదిస్తామని కింద ఉంటుంది. అడిగిన సమాచారం గత నెలలోనే పంపి ఉంటాం. పంపామని చెప్పడానికి ధైర్యం చాలక మళ్లీ పంపుతాం. నేను ప్రధానోపాధ్యాయుడిగా ఉన్న రోజులలో మా ఇంట్లో భోజనాల వేళ నా ఫోన్ మోగితే నా భార్య కంచంలోంచి చేయి తీసి నా ముఖం వైపు చూసేది. ఏ ఊళ్లో ఎవరికి ఏమైందోనని ఆమె భయం. ఎవరికీ ఏమీ అయ్యేది కాదు, బడిలో పారలు ఎన్ని ఉన్నాయో కావలసి వచ్చేది.

ఇక్కడ నేను చేసిన తప్పు కూడా చెప్పుకోవాలి. నన్ను నేను మినహాయించుకుని రాస్తే ఈ ఉత్తరానికి విలువ ఉండదు. ఒక ఏడాది భోజన వివరాలు ఎక్కించే పనిని గణితం చెప్పే ఉపాధ్యాయినికి అప్పగించాను. ఆమెకు ఫోన్ వాడకం బాగా తెలుసు, అంతకు మించి కారణం లేదు. వరసగా మూడు రోజులు వివరాలు ఆలస్యమయ్యాయి. నన్ను పైనుంచి అడిగారు, నేను ఆమెను లిఖితపూర్వకంగా సంజాయిషీ అడిగాను. ఆమె ఒకే వాక్యం రాసి ఇచ్చారు. ఎనిమిదో తరగతిలో సగం మందికి భిన్నాలు రావడం లేదు గనుక లీజర్ పీరియడులో వాళ్లను కూర్చోబెట్టి మొదటి నుంచి చెబుతున్నానని, ఆ సమయంలో ఫోన్ తీయలేదని. అది చదివి నేను తల దించుకున్నాను గానీ ఆ పనిని ఆమె దగ్గరి నుంచి తీసెయ్యలేదు. ఇంకెవరికి ఇవ్వను? అందరికీ ఏదో ఒకటి ఇచ్చే ఉన్నాను. తరవాత వారం నుంచి భోజన వివరాలు సరిగ్గా వేళకు వెళ్లాయి. భిన్నాల తరగతి ఆగిపోయింది. ఆమె మరుసటి ఏడాది బదిలీ పెట్టుకుని వెళ్లిపోయారు. ఆ సంజాయిషీ కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. పైకి పంపలేదు, పారేయలేదు.

పని ఎక్కువ కావడమే సమస్య అయితే, నాకు ఇంకో అనుభవం ఎందుకు తీపిగా మిగిలిందో చెప్పలేను. 1990ల మొదట్లో ఈ జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం జరిగినప్పుడు నేను కలిగిరి వైపే కొత్తగా పనిచేస్తున్నాను. పగలంతా బడి, రాత్రి ఎనిమిదింటికి లాంతరు పట్టుకుని రాత్రిబడి. కూలికి పోయి వచ్చిన ఆడవాళ్లు అలసటతో జోగుతూ పలక పట్టుకునేవారు. ఆ మండలంలోని దూబగుంటలోనే వాచకంలో చదువుకున్న పాఠం గురించి చర్చించుకుని మహిళలు సారా మీద తిరగబడ్డారు. ఆ నిప్పు రాష్ట్రమంతా అంటుకుని 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ రెండేళ్లు మేం చేసినదంతా అదనపు పనే. అదనపు జీతం లేదు, సెలవు లేదు, అయినా ఎవరమూ అలిసిపోయామని అనుకున్నట్టు గుర్తు లేదు. చదువు చెప్పడం కోసం ఎక్కువ కష్టపడితే ఉపాధ్యాయుడు అలిసిపోతాడేమో గానీ విరిగిపోడు. తాను చేస్తున్నది చదువు చెప్పడం కాదని, చెప్పినట్టు రుజువులు పోగు చేయడమని అనిపించిన రోజున మాత్రం విరిగిపోతాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్న్ అవుట్ అనే స్థితిని వృత్తికి సంబంధించిన పరిణామంగా తన వర్గీకరణలో చేర్చింది. అలసట, పని మీద విరక్తి, నా వల్ల ఏమీ కావడం లేదన్న భావం, ఈ మూడూ దాని లక్షణాలని చెప్పింది. మా స్టాఫ్ రూములలో దానిని "ఏదో లాగించేస్తున్నాం సార్" అంటాం.

సెలవు సంగతికి వస్తాను. కాగితం మీద ఉపాధ్యాయుడికి ఏడాదికి 15 సాధారణ సెలవులు ఉన్నాయి, వైద్య కారణాలపై సెలవు ఉంది, మహిళలకు పిల్లల సంరక్షణ సెలవును 2022లో 180 రోజులకు పెంచారు. సెలవు మంజూరు చేయడం ఎంత తేలికో, ఆ రోజు ఆ తరగతులు ఎవరు తీసుకుంటారన్నది అంత కష్టం. ఉన్నత పాఠశాలలో ఒకరు సెలవు పెడితే మిగిలిన వాళ్ల లీజర్ పీరియడ్లు పోతాయి. అందువల్ల సెలవు పెట్టిన మనిషి మరునాడు స్టాఫ్ రూములోకి దోషిలా వస్తుంది. ఏకోపాధ్యాయ పాఠశాలలో అయితే సెలవు అంటే తలుపుకు తాళమే. 60 మంది పిల్లల వరకు ఉన్న ప్రాథమిక బడికి ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలని చట్టం షెడ్యూలు చెబుతున్నా, ఒక్కరితో నడిచే బడులు మెట్ట ప్రాంతంలో ఇప్పటికీ ఉన్నాయి. నేను చేరిన కొత్తలో అలాంటి బడిలోనే ఉండి, చలి జ్వరంతో బల్ల మీద పడుకుని, అయిదో తరగతి పిల్లల చేత ఒకటో తరగతి వాళ్లకు గుణింతాలు చెప్పించిన రోజులు ఉన్నాయి. అప్పట్లో దాన్ని అంకితభావం అని మెచ్చుకున్నారు. ఇప్పుడు ఆలోచిస్తే అది ఆ పిల్లలకూ నాకూ కూడా జరిగిన అన్యాయం. క్లస్టర్‌లో అవసరమైన బడికి వెళ్లి పాఠం చెప్పడానికని సీఆర్ఎంటీలు అనే సంచార ఉపాధ్యాయులు ఉన్నారు గానీ, వాళ్లకూ సమాచార సేకరణ పనే ముందు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చి నియామకాలు చేశారు, చాలా బడులకు కొత్త ముఖాలు వచ్చాయి. వచ్చిన పిల్లలు చురుకైన వాళ్లు. వాళ్లనైనా మొదటి రెండేళ్లలోనే ఫోటోలు తీసే వాళ్లుగా మార్చకుండా ఉంటే బాగుండును.

శరీరం గురించి ఎవరూ మాట్లాడరు, మాట్లాడితే సిగ్గు. గొంతు పోవడం మా వృత్తి వ్యాధి. యాభై మంది పిల్లలు, పక్క గదిలో మరో యాభై మంది, పైన ఫ్యాను చప్పుడు, వీటన్నింటినీ దాటి రోజుకు అయిదారు గంటలు మాట్లాడితే స్వరపేటిక మీద బుడిపెలు వస్తాయి. మా తెలుగు పండితులొకరు పద్యం ఎత్తుకుంటే వరండా అంతా ఆగి వినేది. చివరి మూడేళ్లు ఆయన నడుముకు చిన్న మైకు కట్టుకుని గుసగుసగా పాఠం చెప్పారు, ఆ మైకు ఆయన సొంత డబ్బుతోనే కొనుక్కున్నారు. కాళ్ల మీద నరాలు ఉబ్బడం, నడుము నొప్పి, మధుమేహం, రక్తపోటు సరేసరి. పైగా 2022 జనవరి నుంచి పదవీ విరమణ వయసు 62 అయింది. దానివల్ల మేలు పొందిన వాళ్లలో నేనూ ఒకడిని. అయితే 61 ఏళ్ల మనిషి ఒకటో తరగతి పిల్లల మధ్య నేల మీద కూర్చుని లేవడం, రెండో అంతస్తు మెట్లు రోజుకు ఆరుసార్లు ఎక్కిదిగడం ఎలా ఉంటుందో టైంటేబుల్ వేసేటప్పుడు ఎవరూ ఆలోచించరు. మోకాళ్ల నొప్పులున్న వారికి కింది గదులు ఇవ్వడానికి జీవో అక్కర్లేదు, హెచ్ఎం ఒక్కడు తలచుకుంటే చాలు. నేను అది చేశాను, ఆ ఒక్క విషయంలో నాకు తృప్తి ఉంది.

మహిళా ఉపాధ్యాయుల సంగతి ఇంకా కష్టం. బడులలో మరుగుదొడ్లు, తాగునీరు, ఫ్యాన్లు, బల్లలు సమకూర్చే నాడు-నేడు కార్యక్రమం 2019 నవంబరు 14న మన ఒంగోలులోనే మొదలయింది. దానివల్ల చాలా బడుల రూపురేఖలు మారిన మాట నిజం. అయినా సిబ్బందికి విడిగా మరుగుదొడ్డి లేని చోట, ఉన్నా నీళ్లు రాని చోట, ఆడవాళ్లు ఉదయం ఎనిమిదింటికి ఇంట్లో తాగిన గ్లాసుతో సాయంత్రం దాకా గడుపుతున్నారు. నెల్లూరు నుంచో కావలి నుంచో బస్సులో రెండు గంటలు ప్రయాణం చేసి మెట్ట మండలాలకు పోయే వాళ్లకు ఆ గ్లాసు కూడా భయమే. తరచూ వచ్చే మూత్ర సంబంధమైన ఇన్ఫెక్షన్లకు ఇదే కారణమని ఏ డాక్టరమ్మను అడిగినా చెబుతుంది. పాత ప్రకాశం జిల్లా పడమటి వైపు కనిగిరి, పామూరు ప్రాంతాల నీళ్లలో ఫ్లోరైడు బాధ ఎంత పాతదో అందరికీ తెలుసు. అక్కడి బడులలో పనిచేసే వాళ్లు ఇంటి నుంచి మోసుకుపోయిన నీళ్ల సీసాయే రోజంతటికీ ఆధారం. నీళ్లు తాగడానికి జంకే మనిషికి ఒత్తిడి తగ్గించుకునే శ్వాస వ్యాయామాలు నేర్పడంలో ఏదో అపహాస్యం ఉంది.

యాభై దాటిన ఉపాధ్యాయుల మీద ఇప్పుడు ఇంకో బరువు వచ్చి పడింది. విరమణకు అయిదేళ్లకు మించి సర్వీసు మిగిలిన వారు రెండేళ్లలోగా టెట్, అంటే ఉపాధ్యాయ అర్హత పరీక్షలో, ఉత్తీర్ణులు కావాలని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. తీర్పు మంచిచెడ్డల మీద వాదించే చదువు నాకు లేదు, ఉపాధ్యాయుడికి పరీక్ష పెట్టకూడదనీ నేను అనను. అయితే పాతికేళ్లుగా ఒకే సబ్జెక్టు చెబుతున్న మనిషి, ఇంట్లో కొడుకు పోటీ పరీక్షలకు చదువుతుంటే పక్క గదిలో తానూ శిశు మనోవిజ్ఞానం పుస్తకం పట్టుకుని కూర్చోవడం నేను కళ్లారా చూశాను. పగలు బడి, సాయంత్రం యాప్‌లు, రాత్రి టెట్. జిల్లా విద్యా శిక్షణ సంస్థల ద్వారానైనా, చుట్టుపక్కల బడుల వాళ్లంతా కలిసే స్కూల్ కాంప్లెక్సు సమావేశాలలోనైనా వాళ్లకు ఆ పరీక్షకు కావలసిన పాఠాలు చెప్పించే ఏర్పాటు చేయవచ్చు. కాంప్లెక్సు సమావేశాలలో ఇప్పుడు జరుగుతున్న పని చాలావరకు పైనుంచి వచ్చిన స్లయిడ్లు చూడడమే.

బోధనేతర పనుల గురించి చట్టం ఏమంటుందో కూడా ఒక మాట. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ప్రకారం పదేళ్లకోసారి జరిగే జనాభా లెక్కలు, విపత్తు సహాయం, స్థానిక సంస్థలు, శాసనసభ, పార్లమెంటు ఎన్నికల విధులు తప్ప మరే ఇతర పనికీ ఉపాధ్యాయులను వాడరాదు. ఓటర్ల జాబితా సవరణ లాంటి పనులను సెలవు దినాలలో, బోధన లేని రోజులలో మాత్రమే చేయించాలని సుప్రీంకోర్టు 2007లో చెప్పింది. పిల్లల చదువు చెడకూడదన్నది కోర్టు ఉద్దేశం, అది సబబే. కానీ సెలవు రోజు కూడా ఎవరో ఒక మనిషిదే గదా. పరిపాలన పనులలోనూ, మధ్యాహ్న భోజనం పనులలోనూ ఉపాధ్యాయుల సమయం పోగొట్టరాదని 2020 నాటి జాతీయ విద్యా విధానం కూడా రాసింది. తుపాను వచ్చి బడి పునరావాస కేంద్రమైతే మేం రాత్రంతా ఉంటాం, పెన్నా పొంగినప్పుడు ఉన్నాం కూడా. దాని మీద మాలో ఎవరికీ అభ్యంతరం లేదు. అభ్యంతరమంతా పారల లెక్క మీదే.

ప్రైవేటు ఉపాధ్యాయుల ప్రస్తావన లేకుండా నెల్లూరు నుంచి ఉపాధ్యాయుల గురించి ఉత్తరం రాస్తే అది సగం ఉత్తరమే. రెసిడెన్షియల్ చదువులకు పేరు పొందిన నెల్లూరు నగరంలో వేల మంది ఉదయం స్టడీ అవర్సు నుంచి రాత్రి స్టడీ అవర్సు దాకా పనిచేస్తున్నారు. వేసవి వస్తే మండుటెండలో కరపత్రాలు పట్టుకుని ఇంటింటికీ తిరిగి అడ్మిషన్లు తేవాలి, తేకపోతే జూన్‌లో ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. చాలాచోట్ల వేసవి నెలల జీతం ఉండదు. 2020లో కరోనాకు బడులు మూతపడినప్పుడు, నిన్నటిదాకా వ్యాకరణం చెప్పిన వాళ్లు తోపుడు బండి మీద పండ్లు అమ్ముకోవడం మనం ఇక్కడి వీధులలోనే చూశాం. వారానికి 45 గంటలన్న షెడ్యూలు ప్రభుత్వ బడికే పరిమితం కాదని, అయిదేళ్ల సర్వీసు నిండిన ప్రైవేటు ఉపాధ్యాయుడికి గ్రాట్యుటీ పొందే హక్కు ఉందని 2009లో చట్టాన్ని సవరించారని, ఆ సవరణ చెల్లుతుందని సుప్రీంకోర్టు 2022లో తీర్పు ఇచ్చిందని వాళ్లలో ఎంతమందికి తెలుసు? వాళ్లకు సన్మానాలు కూడా ఉండవు.

మనసు బాగాలేని వారికి సహాయం లేకపోలేదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఈ నంబరు బడిలో పిల్లల కోసం గోడ మీద రాయించిన చోట్ల కూడా, అది తమకు కూడా అని ఉపాధ్యాయులు అనుకోరు. పిచ్చిడాక్టరు దగ్గరికి వెళ్లాడట అన్న మాట పుట్టడానికి మన పల్లెల్లో ఒక్క పూట చాలు. ఆ మాటకు జడిసి నిద్రమాత్రలతో సరిపెట్టుకున్న సహోద్యోగులు నాకు తెలుసు. అయితే నంబరు ఇవ్వడమే మన బాధ్యత అనుకుంటే పొరపాటు. తనిఖీకి వచ్చిన అధికారి పిల్లల ఎదుట ఉపాధ్యాయుడిని ఏకవచనంతో గద్దించి వెళ్లిపోతే, ఆ రోజు మిగిలిన పీరియడ్లలో ఆ మనిషి ఏ ముఖం పెట్టుకుని క్రమశిక్షణ చెబుతాడు? లోపం ఉంటే హెచ్ఎం గదిలో తలుపు వేసి అడగవచ్చు. దానికి రూపాయి ఖర్చు లేదు.

ఉపాధ్యాయ దినోత్సవం ఎవరి పేరున జరుపుకుంటున్నామో ఆ రాధాకృష్ణన్ గారి ఇంటిపేరు మన వెంకటాచలం మండలంలోని సర్వేపల్లిదే. ఏటా సెప్టెంబరు 5న శాలువాలు కప్పించుకునే మాకు అది గర్వకారణం. విద్యార్థులకిచ్చే కిట్లకు కూడా ఇప్పుడు ఆయన పేరే పెట్టారు. ఆ కిట్లలో బూట్ల సైజులు సరిపోయాయో లేదో నమోదు చేసేదీ ఉపాధ్యాయులే.

కాబట్టి నెల్లూరు, ప్రకాశం జిల్లాల విద్యాశాఖ అధికారులను మీ పత్రిక ద్వారా నేను కోరేది పెద్ద పథకం కాదు. జూన్ 12న బడులు తెరిచే నాటికి ప్రతి ఉన్నత పాఠశాల టైంటేబుల్‌లో ప్రతి ఉపాధ్యాయుడికి రోజుకు ఒక లీజర్ పీరియడును ఎర్ర సిరాతో గుర్తించి, విపత్తు తప్ప మరే కారణంతోనూ ఆ సమయంలో సమాచారం అడగరాదని ఉత్తర్వు ఇవ్వండి. ప్రాథమిక బడులలో ఇది అంత తేలిక కాదని నాకు తెలుసు, అక్కడ రెండో ఉపాధ్యాయుడు వచ్చేదాకా సాయంత్రం ఆరు తరవాత సందేశాలు పంపవద్దన్నా చాలు. ఒకసారి పంపిన సమాచారాన్ని అదే నెలలో రెండోసారి అడిగితే, ఎందుకు అడుగుతున్నారో అడిగిన వారే రాయాలన్న నియమం పెట్టండి. ఈ చివరి నియమం ఒక్కటి వచ్చినా సగం సందేశాలు ఆగిపోతాయని నా నమ్మకం.

సెలవుల విషయంలో మేం కూడా ఒక చేయి వేయగలం. కావలిలో సాయంత్రాలు కలుసుకునే విశ్రాంత ఉపాధ్యాయులం పదకొండు మందిమి ఈ సంగతి మాట్లాడుకున్నాం. మాలో గణితం వాళ్లు ముగ్గురు, తెలుగు ఇద్దరు, మిగిలిన వాళ్లు తలా ఒక సబ్జెక్టు. పట్టణంలోనూ, చుట్టుపక్కల బస్సు అందే ఊళ్లలోనూ ఎవరైనా ఉపాధ్యాయుడు జ్వరంతోనో, ఇంట్లో ఆపదతోనో సెలవు పెడితే, ముందురోజు రాత్రి కబురు అందినా చాలు, ఆ రోజు తరగతులు మేం వెళ్లి చెబుతాం. గౌరవ వేతనం వద్దు, బస్సు చార్జీలు మేమే పెట్టుకుంటాం. బయటివాళ్లను తరగతిలోకి రానివ్వడానికి నిబంధనలు ఒప్పుకోవని ఒక హెచ్ఎం గారు మాతో అన్నారు, ఆయన భయం న్యాయమైనదే. అందుకని అనుమతి కాగితం మీద కావాలి. మా పదకొండు మంది పేర్లు, సబ్జెక్టులు, ఆరోగ్య ధ్రువపత్రాలు సిద్ధంగా ఉన్నాయి. ఎవరికి ఇవ్వాలో చెబితే సోమవారమే తెచ్చి ఇస్తాం.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు,
కావలి, నెల్లూరు జిల్లా.